కిటికీ పక్కన ఖాళీ కుర్చీ

సిస్టర్ పిన్నీ,

ముందు నీ టొమాటో మొక్కల క్షేమం, తర్వాత నీ మోకాళ్ళ క్షేమం, ఆ తర్వాతే నీ క్షేమం అడుగుతున్నాను. ఆ వరసలో అడిగితేనే నువ్వు జవాబు రాస్తావని అనుభవం మీద తెలుసుకున్నాను. ఫోను చేస్తే నీ చెవులకి నేను ఏం చెప్పినా "ఆఁ? ఎవరూ?" అనడంతోనే సరిపోతోంది. కాబట్టి కాగితమే నయం.

ఇక్కడ పెద్ద విశేషమే ఉంది. సిస్టర్లు మన బడిని బోర్డు చేతికి అప్పగిస్తున్నారు. నువ్వు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో మఠం భోజనాల బల్ల దగ్గర చోటు చాలక స్టూళ్ళు వేసుకునేవాళ్ళు కదా, ఇప్పుడు ఆ బల్లకి ఈ చివర లైబ్రరీ సిస్టర్, ఆ చివర వంటింటి సిస్టర్. ఉప్పు అందుకోవాలంటే ఒకరు లేచి నడవాలి. కొత్తగా మఠంలో చేరే అమ్మాయిలు లేరు. అందుకని మీ మఠాలన్నిటికీ పెద్ద, ప్రొవిన్షియల్ సిస్టర్ వచ్చి, మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, "ఇల్లు మాదే. కాపురం మాత్రం ఇకనుంచి మీరు చెయ్యాలి" అని చెప్పేసింది. బడి పేరు, చాపెల్, ప్రిన్సిపాల్ని నియమించడం, ఈ మూడే సిస్టర్ల చేతిలో ఉంటాయట. మిగతావన్నీ బోర్డు చూసుకోవాలి. అయితే ఒక షరతు పెట్టింది. సిస్టర్లు లేకపోయినా ఇది కతోలిక బడిగా ఎలా నిలబడుతుందో మేమే కూర్చుని ఒక నియమావళి రాసి చూపించాలి. అది ఆవిడకి నచ్చితేనే అప్పగింత.

బోర్డులో ఎవరెవరున్నారో చెప్తాను. పళ్ళ డాక్టరు గారు చైర్మన్. ఆయన మనం మాట్లాడుతుంటే మాట వినరు, పళ్ళు చూస్తారు. గుడి ఫాదర్ గారు ఉన్నారు, బిస్కెట్ల ప్లేటు ఎటుంటే ఆయన అభిప్రాయం అటు. పిల్లల తల్లిదండ్రుల తరఫున కొత్తగా ఒక లాయరు గారు వచ్చారు. సిస్టర్ల తరఫున లైబ్రరీ సిస్టర్. చివరికి టీచర్ల తరఫున నేను, కార్యదర్శిని. నా చేతిరాత బాగుంటుందనీ, నోరు మూసుకుని రాస్తాననీ నన్ను ఎన్నుకున్నారు. మొదటిది నిజమే. రెండోది చదివి నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు.

"అసలు మనది కతోలిక బడి అని దేన్ని బట్టి చెప్తాం?" అని చైర్మన్ గారు మొదలుపెట్టారు. ప్రతి గదిలో సిలువ ఉంది కాబట్టి అన్నారు ఫాదర్ గారు. ఆటల మాస్టారు ఆ సిలువకే తాళ్ళు తగిలిస్తున్నారు అంది లైబ్రరీ సిస్టర్. టీచర్లలో మనవాళ్ళు ఎంతమంది ఉండాలో రాసుకుందాం అన్నారు లాయరు గారు. పిల్లల్లో సగానికి పైగా మనవాళ్ళు కారు, మరి వాళ్ళ సంగతేమిటి అని నేను అడిగాను. కార్యదర్శి రాయాలి గానీ అడగకూడదన్నట్టు అందరూ నావైపు చూశారు. నేను తలవంచుకుని రాసుకున్నాను.

అప్పుడే ఆ కుర్చీ గొడవ వచ్చింది. లాయరు గారు ఎండ పడుతోందని లేచి, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబోయారు. అందరం ఒక్కసారిగా "అక్కడ కాదు, అక్కడ కాదు" అని అరిచాం. పాపం, పాము మీద కూర్చోబోతున్నట్టు ఆయన ఎగిరి పడ్డారు. ఎందుకు కూర్చోకూడదని అడిగితే, అది పవిత్రాత్మ కుర్చీ అన్నారు ఫాదర్ గారు. కాదు, మా మఠం స్థాపించిన తల్లిది అంది లైబ్రరీ సిస్టర్. చైర్మన్ గారు మన బడిలోనే చదివారుగా, అందులో కావలిదూత కూర్చుంటాడని చిన్నప్పుడు చెప్పుకునేవాళ్ళం అన్నారు. ముగ్గురూ గట్టిగానే వాదించుకున్నారు. చివరికి అది ఎవరిదైనా సరే, మన ప్రత్యేకత అదేనని తేల్చి, "బోర్డు గదిలో ఒక కుర్చీ ఎల్లప్పుడూ ఖాళీగా ఉంచవలెను" అని ఏడో నియమంగా రాయించారు. కారణం రాయడానికి మాత్రం చోటు వదిలిపెట్టాను. ఆ కుర్చీని అక్కడ పెట్టింది నువ్వేనట. కాబట్టి కారణం నువ్వే రాసి పంపాలి.

ఇంకో మాట. ప్రిన్సిపాల్ పదవి ఇప్పుడు ఖాళీగా ఉంది. కొత్త ప్రిన్సిపాల్‌గా నన్నే సిఫార్సు చేస్తారని బోర్డులో అనుకుంటున్నారు. సిస్టర్ కాని మొదటి ప్రిన్సిపాల్ని అవుతానన్నమాట. నీ అల్లుడు బాగానే ఉన్నారు. ఆ ప్రాజెక్టు ఇంకా తెమల్లేదు.

నీ టొమాటోలు కాస్తే ఊరికే వర్ణించకుండా నాలుగు పంపించమని కోరుతూ,

నీ గడుగ్గాయి

*

పిన్నీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో చివర రాసిన రెండు వాక్యాలు అబద్ధం. నీ అల్లుడు ఎలా ఉన్నారో నాకు తెలియదు, ప్రాజెక్టు అనేది ఎక్కడా లేదు.

నిన్న బోర్డు మీటింగులో లాయరు గారు పదకొండో నియమం చదివారు. "ప్రిన్సిపాల్ పదవి చేపట్టువారు తమ కుటుంబ జీవితంలో ఆదర్శప్రాయులై యుండవలెను, భాగస్వామితో కలిసి జీవించువారై యుండవలెను." అందరూ బాగుంది బాగుంది అన్నారు. చైర్మన్ గారు నావైపు తిరిగి, "నీటుగా రాయమ్మా, నీకోసమే కదా" అని నవ్వారు. నేను నీటుగా రాశాను. నా చేతిరాత అంత బాగా కుదిరిన రోజు ఈ మధ్య లేదు.

ఆయన వేరే ఊరు వెళ్ళి రెండేళ్ళు దాటింది. చెడ్డవాడని చెప్పను. కొట్టలేదు, తిట్టలేదు, ఇంకొకరితో ఉన్నారని కూడా నేను అనుకోవడం లేదు. అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన నన్ను రమ్మనలేదు, నేను వస్తాననలేదు. కొన్నాళ్ళకే కదా అనుకున్నాను. సామాను సర్దుకునేటప్పుడు మంచి కుక్కరు పట్టుకెళ్ళి మూత సరిగా పట్టనిది నాకు వదిలారు. కొన్నాళ్ళకి వెళ్ళే మనిషి మంచి కుక్కరు పట్టుకెళ్ళడని నాకు అప్పుడు తోచలేదు. ఆ తర్వాత ఒకసారి ఫోనులో, "ఇలా ఎవరిమానాన వాళ్ళం ఉంటేనే బాగుంది కదా" అన్నారు. బాగుందన్నాను. ఫోను పెట్టేశాక బాగాలేదని తెలిసింది. మళ్ళీ చేసి ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన కూడా చెయ్యలేదు.

స్టాఫ్ రూములో మాత్రం ఆయన్ని ప్రాజెక్టు మీద పంపించాను. ఎవరైనా అడిగినప్పుడల్లా ఆ ప్రాజెక్టుని కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాను. ఇప్పుడు మా టీచర్లు ఆయన ఎక్కడో ఆనకట్ట కడుతున్నారని అనుకుంటున్నారు. లెక్కల టీచరైతే ప్రారంభోత్సవానికి మనల్ని పిలుస్తారా అని అడిగింది. నవ్వొస్తోంది కదా, నాకూ అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

రోజూ ఉదయం పిల్లల ముందు నిలబడి, "మన కుటుంబాల కోసం ప్రార్థిద్దాం" అంటున్నది నేనే. అన్నప్పుడల్లా పిల్లల మొహాలు చూడలేక గోడ గడియారం వైపు చూస్తాను. నాకు ఆ ప్రిన్సిపాల్ పదవి కావాలి పిన్నీ. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను, చాలా కావాలి. ఆ వరండాలు, ఆ గంట, వర్షం వస్తే కారే ఆ మూడో తరగతి గది, అన్నీ నావేనన్నట్టుగా ఇన్నేళ్ళూ తిరిగాను. కానీ నేను స్వయంగా రాసిన నియమం ప్రకారం నేను పనికిరాను. కాబట్టి వద్దని చెప్పేస్తాను. మోకాళ్ళ నొప్పులని చెప్తాను, అది మన వంశంలో ఉన్నదే కనుక ఎవరూ అనుమానించరు. డాక్టరు చీటీ కావాలన్నా చైర్మన్ గారు ఉన్నారు, కాకపోతే ఆయన పళ్ళు దాటి కిందకి రారు.

నామీద కోపం తెచ్చుకోకు. ఒకవేళ వస్తే మొక్కల మీద చూపించకు.

నీ
అక్క కూతురు

*

గడుగ్గాయీ,

"అక్క కూతురు" అని సంతకం పెట్టావు. ఆ సంతకం చూసి నాకు వొళ్ళు మండింది. నువ్వు నాలుగో తరగతిలో సున్నా తెచ్చుకున్నప్పుడు కూడా "నీ గడుగ్గాయి" అనే రాశావు.

కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో సరిగా అర్థం చేసుకో. అతను వెళ్ళినందుకు కాదు. ఈ రెండేళ్ళూ నేను రోజూ జపమాలలో "మా అల్లుడి ప్రాజెక్టు నిర్విఘ్నంగా సాగాలి" అని ఒక పది మంత్రాలు విడిగా చదివాను. లేని ఆనకట్ట కోసం మరియమాతని విసిగించాను. పాపం ఆవిడ ఎక్కడని వెతికి ఉంటుంది. ఇకనుంచి ఆ పదీ నీ పేరున మారుస్తున్నాను. నాకు ముందే చెప్పి ఉంటే రెండేళ్ళ జపం సరైన చిరునామాకి చేరేది.

సరే, ముందు కుర్చీ సంగతి. మీరు ఏడో నియమంలో కారణం కోసం వదిలిన చోట ఇది రాసుకోండి. దానికి వెనక కాలు విరిగింది.

అంతే. వడ్రంగి వస్తానని రాలేదు. ఆ రోజు మీటింగు ఉంది. ఎవరైనా కూర్చుని పడతారని దాన్ని కిటికీ పక్కకి జరిపి, "అందులో ఎవరూ కూర్చోవద్దు" అన్నాను. "ఎందుకు సిస్టర్?" అని ఎవరో అడిగారు. నేను నోరు తెరిచేలోపలే అప్పటి ఫాదర్ గారు, పెద్దాయన, కళ్ళు మూసుకుని "అర్థమైంది సిస్టర్" అని తలవంచారు. ఆయన వంచాక అందరూ వంచారు. అంతమంది భక్తిగా ఉంటే, కాలు విరిగిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత వంటింటి సిస్టర్ రోకలితో రెండు మేకులు కొట్టింది. బక్కపలచటివాళ్ళు కూర్చుంటే ఆగుతుంది. కానీ ఎవరు కూర్చుంటారు? అప్పటికే అందులో పవిత్రాత్మ దగ్గర్నుంచి కావలిదూత దాకా అందరూ కూర్చుని ఉన్నారు.

నవ్వుకోవడం అయిందా? అయితే మిగతాది విను. ఎదురుగా ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా కనబడుతుంటే మనసు ఊరుకోదు. ఒకసారి ఒక అమ్మాయిని బడి నుంచి పంపించేయాలని మీటింగు పెట్టాం. అందరం ఆ పిల్ల గురించి తెగ మాట్లాడాం. నా చూపు పోయి ఆ కుర్చీ మీద పడింది. ఇంత మాట్లాడాం, ఆ పిల్లని పిలిచి ఒక్క మాట అడగలేదే అనిపించింది. పిలిపించాను. ఆ పిల్ల వచ్చి చెప్పిన సంగతి విన్నాక ఎవరమూ దాన్ని పంపించలేకపోయాం. అప్పట్నుంచి ఏ పెద్ద నిర్ణయమైనా, ముందు ఆ కుర్చీ వైపు చూసి, ఈ గదిలో ఎవరు లేరు అని నాలో నేను అడుక్కునేదాన్ని. బయటికి ఎవరికీ చెప్పలేదు. సిలువలు లెక్కపెట్టి, టీచర్లని లెక్కపెట్టి బడికి దేవుడున్నాడని రాసుకోండి, నేను కాదనను. నాకు మాత్రం దేవుడు ఆ బడిలో కనబడిందల్లా ఆ ప్రశ్న అడిగినప్పుడే.

ఇక నీ మోకాళ్ళ నొప్పులు. ఆ వంశపారంపర్య ఆస్తి నాది, నీకు ఇంకా రాసివ్వలేదు. అబద్ధానికి వాడుకోవద్దు. ఇన్ని మీటింగుల్లో నువ్వు ఆ గదిలోనే కూర్చున్నావు, కలం పట్టుకుని, తలవంచుకుని. నీ గురించి నియమం రాస్తుంటే నువ్వు రాసుకున్నావు. ఆ గదిలో లేని మనిషివి నువ్వే. కాబట్టి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో. ఉన్నది ఉన్నట్టు చెప్పు. తర్వాత వాళ్ళు వద్దంటే వద్దననీ. నిజం చెప్పి ఓడిపోతే ఇంటికొచ్చి నిద్రపడుతుంది.

ప్రొవిన్షియల్‌కి నీ గురించి నేను ఒక్క మాట చెప్పను. చెప్తే పిన్ని దయ అంటారు. పైగా ఈ ముసలి సిస్టర్ల ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. మాత్ర వేసుకున్నావా సిస్టర్ అని తప్ప. పెద్దలకి విధేయంగా ఉంటానని దేవుడికి మాటపట్టు ఇచ్చినదాన్ని, బదిలీ అనగానే ట్రంకు పెట్టె సర్దుకుని వచ్చేశాను. బడి విడిచి వచ్చేసిన రోజు మాత్రం ఆ గదిలోకి వెళ్ళి ఆ కుర్చీని ఒకసారి చూసి వచ్చాను. ముసలిదాన్ని కదా, ఏదో చాదస్తం.

టొమాటోలు ఉడతలు తిన్నాయి. నిన్ను వర్ణనలతోనే సరిపెడుతున్నాను.

కుక్కరు నేను కొనిపెట్టలేను గానీ, నీకోసం పది మంత్రాలు రోజూ చదివే

పిన్ని

*

సిస్టర్ పిన్నీ,

నీ గడుగ్గాయి ఇంకా కుర్చీలోంచి పడలేదు. వివరంగా రాస్తున్నాను, కళ్ళద్దాలు పెట్టుకో.

నియమావళి ఆఖరిసారి చదవడానికి నిన్న మీటింగు పెట్టారు. ప్రొవిన్షియల్ సిస్టర్ కూడా వచ్చింది. బల్లకి తలవైపున్న ప్రిన్సిపాల్ కుర్చీని ఖాళీగా వదిలేసి దాని పక్కన కూర్చుంది. నేను కాగితాలన్నీ అందరికీ పంచి, తిన్నగా వెళ్ళి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఈసారి "అక్కడ కాదమ్మా" అన్నది ఎవరనుకున్నావు? లాయరు గారే. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి భక్తి ఎక్కువన్నట్టు ఉంది ఆయన వాలకం. కుర్చీ కిర్రుమంది. నేను ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుని, ముందు నువ్వు చెప్పిన విరిగిన కాలు కథ చెప్పాను.

 అందరూ ఫాదర్ గారి వైపు చూశారు. ఎందుకంటే పోయినసారి పండగ పూజలో ఆయన ఈ కుర్చీ మీదే ప్రసంగం చేశారు. ఆయన బిస్కెట్ ప్లేటులో పెట్టేసి, మొహం ఎర్రగా చేసుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. "రోకలితోనా? మేకులు రోకలితో కొట్టారా?" అని అడిగి అడిగి నవ్వారు. ఆయన నవ్వేసరికి అందరికీ ధైర్యం వచ్చింది.

ఆ నవ్వు ఆగకముందే నువ్వు అడుగుతూ వచ్చిన ప్రశ్న సంగతి కూడా చెప్పాను. "ఆ లెక్కన ఇప్పుడు ఈ గదిలో లేని మనిషిని నేను" అన్నాను. "మావారు ప్రాజెక్టులో లేరు. నా దగ్గరా లేరు. రెండేళ్ళయింది. పదకొండో నియమం నా చేత్తోనే రాశాను, దాని ప్రకారం నేను పనికిరాను. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పుకుందామనుకున్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు." ఇంతే చెప్పాను.  కింద కుర్చీ ఊగింది, మా ఇద్దరిలో ఎవరు ముందు కూలతామా అని అనుకున్నాను.

చైర్మన్ గారు నెమ్మదిగా, "ఇది ఇక్కడ చెప్పాల్సింది కాదేమోనమ్మా" అన్నారు. "నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ రేపు పిల్లల తల్లిదండ్రులు నాలుగు రకాలుగా అనుకుంటారు. కతోలిక బడి అన్నాక చూసేవాళ్ళకి ఒక నమూనా కావాలి కదా." ఆయన మంచి మనిషే, నన్ను నొప్పించాలని అనలేదు. అయినా నొప్పేసింది.

"భార్యాభర్తలు విడిగా ఉండటం పాపమని ఏ బోధలో ఉంది డాక్టరు గారూ?" అన్నారు ఫాదర్. అప్పటికి ఆయన నవ్వడం పూర్తిగా మానేశారు. "అలాంటివాళ్ళు పనికిరారంటే ఆదివారం నా గుడిలో సగం బెంచీలు బయటపెట్టించాలి. అసలీ నియమం ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?" అని లాయరు గారిని అడిగారు. లాయరు గారు గొంతు సవరించుకుని, అది ఇంకో బడి నియమావళిలోంచి తీసుకున్నానని ఒప్పుకున్నారు. "పన్నెండో నియమం కూడా అందులోదే" అన్నారు చిన్నగా. పన్నెండోది ఏమిటో తెలుసా? హాస్టలు పిల్లల జుట్టు కత్తిరింపు గురించి. మనకి హాస్టలే లేదు. అది నేను నీటుగా రాశాను, చైర్మన్ గారు చదివారు, అందరం ఆమోదించాం.

అప్పుడు ప్రొవిన్షియల్ సిస్టర్ కాగితాలు పక్కన పెట్టింది. నన్నే చూస్తూ, "రేపు ఒక పిల్ల నీ గదిలోకి వచ్చి, మా నాన్న ఇంటికి రావట్లేదు టీచర్ అని ఏడిస్తే ఏం చెప్తావు?" అని అడిగింది. నేను ఏ జవాబూ తయారుచేసుకుని వెళ్ళలేదు పిన్నీ. "మా ఇంటికీ రావట్లేదమ్మా అని చెప్తాను. తర్వాత, పొద్దున ఏమైనా తిన్నావా అని అడుగుతాను" అన్నాను.  ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత, "ఆ కుర్చీలోంచి లేమ్మా, విరిగేలా ఉంది. ఇటొచ్చి కూర్చో" అని తన పక్కనున్న ప్రిన్సిపాల్ కుర్చీ చూపించింది.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. లైబ్రరీ సిస్టర్ మోచేత్తో పొడిచి లేపింది.

చైర్మన్ గారు మాత్రం ఒప్పుకోలేదు. తన అభ్యంతరం రాయమన్నారు. రాశాను, నీటుగానే. మొదట ఒక ఏడాదికి నియమించి, ఆ తర్వాత చూద్దామని తేల్చారు. ఏడాది చాలు, ఆయన పళ్ళు చూడటం మాని మాట వినేలా చెయ్యడానికి. పదకొండు, పన్నెండు నియమాలు కొట్టేశాం. ఏడోదాన్ని మార్చి, "బోర్డు ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు, ఈ గదిలో ఎవరు లేరు అని అడగవలెను" అని రాశాం. ప్రొవిన్షియల్ సిస్టర్ దాని కింద సంతకం పెట్టింది. ఇవాళ పొద్దున "మన కుటుంబాల కోసం ప్రార్థిద్దాం" అన్నప్పుడు గడియారం వైపు చూడలేదు, పిల్లల వైపే చూశాను. స్టాఫ్ రూములో కూడా చెప్పేశాను. లెక్కల టీచరు "అయితే ఆనకట్ట లేదన్నమాట" అని నిట్టూర్చి, తన డబ్బాలోంచి సగం నాకు పెట్టింది. ఆయనకి కూడా ఒక ఉత్తరం రాశాను. బాగాలేదని ఆ రోజు చెప్పలేకపోయిన మాట రాశాను. జవాబు వస్తే వస్తుంది. కుక్కరు మాత్రం అడగలేదు.

ఇక అసలు సంగతి. కొత్త నియమావళి ప్రకారం మొదటి నిర్ణయం, అప్పగింత రోజు ఎవరు గంట కొట్టి ప్రారంభించాలనేది. చైర్మన్ గారు బిషప్ గారి పేరు చెప్పబోయారు. ఫాదర్ గారు చెయ్యెత్తి, "ఆగండి, ముందు ఏడో నియమం" అన్నారు. నేను ప్రిన్సిపాల్‌గా మొదటిసారి నోరు తెరిచి, "ఈ గదిలో ఎవరు లేరు?" అని అడిగాను. చైర్మన్ గారితో సహా అందరూ ఒకేసారి నీ పేరు చెప్పారు.

నిన్ను బదిలీ చేసినప్పుడు మేమెవరమూ నిన్ను అడగలేదు పిన్నీ. ఇప్పుడు అడుగుతున్నాం. మీ ఇంటి పెద్ద సిస్టర్‌కి ప్రొవిన్షియల్ ఫోను చేసి చెప్పింది. శనివారం ఉదయం బడి వ్యాను మీ గేటు ముందుంటుంది. ట్రంకు పెట్టె అక్కర్లేదు, మాత్రలు తెచ్చుకో. కుర్చీని వడ్రంగికి ఇచ్చాం, ఈసారి నిజంగానే వచ్చాడు. నాలుగు కాళ్ళూ గట్టిగా ఉన్నాయి. ఎంత లావైనవాళ్ళు కూర్చున్నా ఆగుతుందట. నువ్వు వచ్చి కూర్చుంటేగానీ నేను నమ్మను.

నీ గడుగ్గాయి
(ప్రిన్సిపాల్ అని కింద రాయబోయి, నువ్వు నవ్వుతావని మానేశాను)